సేల్ అగ్రిమెంట్ ఆన్‌లైన్ ప్యాకేజీ రివ్యూ: కొనేవాళ్లు మధ్యలో చేతులెత్తేస్తే ఇందులో ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

ఈ మధ్య ఫ్లాట్లు, ప్లాట్లు అమ్ముకునేవాళ్లకి ఆన్‌లైన్‌లో అగ్రిమెంట్ రాసిచ్చే సైట్లు బోలెడు వచ్చాయి కదా, ఫారం నింపితే డ్రాఫ్ట్ పీడీఎఫ్ వస్తుంది, ఇంకొంచెం కడితే లాయర్‌తో ఫోన్ కాల్, ఇంకొంచెం కడితే లీగల్ నోటీసు. అలాంటి ఒక సైట్‌లో మా నాన్న ఫ్లాట్ అమ్మకం కోసం ఈ మూడూ తీసుకున్నాం. సైట్ పేరు రాయట్లేదు, నేను చూసినంతలో ఈ సైట్లన్నిటి ఫారాలూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి కాబట్టి పేరుతో పెద్ద పని లేదు. స్కోరు ముందే చెప్పేస్తా, డ్రాఫ్ట్‌కి ఐదుకి రెండు, లాయర్ కాల్‌కి ఐదుకి ఐదు, నోటీసుకి మూడు, చాట్ సపోర్ట్‌కి సున్నా ఇచ్చే ఆప్షన్ లేదు కాబట్టి ఒకటి.

మా కేసు ఏంటో చెప్తే గానీ ఈ మార్కులు ఎందుకో అర్థం కాదు. ఫ్లాట్ 65 లక్షలకి బేరం కుదిరింది. అగ్రిమెంట్ రోజు 3 లక్షలు బయానా ఇచ్చారు, తర్వాత ఇంకో 9 లక్షలు ఇచ్చారు, మిగతాది లోన్ వచ్చాక రిజిస్ట్రేషన్ రోజు ఇవ్వాలి, గడువు మూడు నెలలు. కొనేవాళ్లు మోసగాళ్లేం కాదు, బ్యాంకు ముందు ఇస్తానన్నంత లోన్ తర్వాత ఇవ్వలేదు, చేతిలో డబ్బు లేదు, గడువు దాటిపోయింది, కొన్నాళ్లు ఫోన్ ఎత్తలేదు, ఆ తర్వాత ఎత్తి "అంకుల్, మా వల్ల కాదు, మా 12 లక్షలు మాకు ఇచ్చేయండి" అన్నారు. మా నాన్న ఒక్క రూపాయి కూడా ఇవ్వను అన్నారు. ఎందుకంటే సైట్ ఇచ్చిన డ్రాఫ్ట్‌లో నల్లగా బోల్డ్‌లో ఉంది, "కొనుగోలుదారు గడువులోగా మిగతా సొమ్ము చెల్లించనిచో అప్పటివరకు చెల్లించిన యావత్తు సొమ్ము జప్తు చేయబడును" అని. అమ్మేవాళ్లకి ఇది చదువుతుంటే ఎంత హాయిగా ఉంటుందో. సైట్ కూడా దీన్నే గొప్పగా చూపించుకుంటుంది, "అమ్మేవారికి పూర్తి రక్షణ" అని పైన స్టిక్కర్ లాగా పెడతారు.

లాయర్ కాల్‌లో ఆ రక్షణ ఎంతో ఐదు నిమిషాల్లో తేలిపోయింది. మాకు వచ్చిన మేడమ్ కథంతా వినకుండానే ముందు అడిగిన ప్రశ్న, "ఆ 3 లక్షలకి, ఆ 9 లక్షలకి కాగితాల్లో విడివిడిగా ఏమని రాశారండి?" అని. అగ్రిమెంట్‌లో 3 లక్షల దగ్గర బయానా అని ఉంది, 9 లక్షల రసీదులో "ధరలో భాగంగా చెల్లింపు" అని ఉంది. "అయితే అంకుల్ గారూ, ఆ 3 గురించి మాట్లాడుకుందాం, 9 మాత్రం మీది కాదు అనుకునే మొదలుపెడదాం" అన్నారు. మా నాన్న మొహం చూడాలి అప్పుడు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైన భాషలో రాస్తాను. మన కాంట్రాక్ట్ చట్టం 1872 నాటిది, అందులో 74వ సెక్షన్ ఒకటుంది. అగ్రిమెంట్‌లో మాట తప్పితే ఇంత కట్టాలి అనో, ఇంత పోతుంది అనో ఎంత పెద్ద అంకె రాసుకున్నా సరే, కోర్టు ఇచ్చేది న్యాయమైన పరిహారమే, రాసుకున్న అంకె దానికి పైహద్దు మాత్రమే. అంటే "యావత్తు సొమ్ము జప్తు" అని రాసుకున్నంత మాత్రాన యావత్తు సొమ్ము మనది అయిపోదు. దీని మీద 1963లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఫతే చంద్ తీర్పు ఉంది, అది అచ్చం మా కేసు లాంటిదే. ఢిల్లీలో ఒక బంగళా, 1949లో 1,12,500 రూపాయలకి బేరం, బయానా వెయ్యి రూపాయలు, తర్వాత ఇంకో 24 వేలు, అగ్రిమెంట్‌లో మాట తప్పితే మొత్తం 25 వేలూ పోతాయి అని రాసుకున్నారు. డీల్ పోయింది. కోర్టు ఏమందంటే ఆ వెయ్యి బయానా అమ్మిన ఆయన ఉంచుకోవచ్చు, 24 వేలు మాత్రం ఊరికే రాదు, నష్టం ఏంటో చూపించు అంది, ఆస్తి ధర పడిపోయినట్టు ఆయన చూపించలేకపోయాడు, అంతే. అరవై ఏళ్ల పైబడిన తీర్పు ఇది, ఇప్పటికీ సైట్ డ్రాఫ్టుల్లో "యావత్తు సొమ్ము" అనే వస్తోంది, రాసేవాళ్లకి తెలియక కాదు, అమ్మేవాళ్లకి చదవడానికి బాగుంటుందని అని నా అనుమానం.

అలాగని బయానా కూడా తిరిగి ఇచ్చేయాల్సిందే అని ఎవరైనా చెప్తే నమ్మక్కర్లేదు. 2012లో ఇంకో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, 70 లక్షల ఆస్తి, 7 లక్షల బయానా, హైకోర్టు 50 వేలు మాత్రమే ఉంచుకోండి అంటే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి 7 లక్షలూ జప్తు చేసుకోవచ్చు అంది. కారణం, ఆ డబ్బు ఒప్పందం నెరవేరుస్తాం అన్న హామీగా ఇచ్చింది అని, తప్పితే పోతుందని అగ్రిమెంట్‌లో తేటగా ఉంది. ధరలో భాగంగా ఇచ్చిన డబ్బుకి ఆ మాట వర్తించదు అని కూడా అదే తీర్పులో ఉంది. కాబట్టి డబ్బుకి ఏం పేరు పెట్టి తీసుకున్నాం, ఎందుకు తీసుకున్నాం అన్నదాని మీదే సగం కేసు నడుస్తుంది. మా కాగితాల్లో ఆ రెండు పేర్లు విడిగా ఉన్నాయంటే అది సైట్ గొప్పతనం కాదు, 9 లక్షలు వచ్చినప్పుడు రసీదు మా బావ చేత్తో రాశాడు, ఆయన అలవాటుగా అలా రాశాడు అంతే.

మా నాన్న వదల్లేదు, "మరి మాకు జరిగిన నష్టం సంగతేంటమ్మా, ఇన్ని నెలలు ఫ్లాట్ వాళ్ల కోసం ఆపుకున్నాం, వేరే బేరాలు వస్తే కాదన్నాం" అన్నారు. దానికి 73వ సెక్షన్ ఉందట. మాట తప్పిన రోజుకి మార్కెట్ రేటు ఎంత, మన అగ్రిమెంట్ రేటు ఎంత, ఆ తేడా మన నష్టం. 65కి ఒప్పుకున్నది తర్వాత 61కే పోతే 4 లక్షలు నష్టం, 68కి పోతే నష్టం అనడానికి ఏం మిగలదు. పైగా నష్టం తగ్గించుకునే ప్రయత్నం మనమూ చేయాలి, కావాలని రెండేళ్లు ఖాళీగా పెట్టి ఆ లెక్కంతా వాళ్ల నెత్తిన వేస్తానంటే కుదరదు. ధర పెరిగితే ఏమవుతుందో చెప్పడానికి ఆవిడ 2015 నాటి కైలాష్‌నాథ్ తీర్పు చెప్పారు. ఢిల్లీలోనే డీడీఏ (ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ) వేలం పాటలో 3.12 కోట్లకి ప్లాట్ పాడుకున్న సంస్థ కట్టిన 78 లక్షలు డీడీఏ జప్తు చేసేసింది, ఆ తర్వాత అదే ప్లాట్‌ని 11.78 కోట్లకి అమ్ముకుంది, ఇక నష్టం ఎక్కడుంది అని సుప్రీంకోర్టు ఆ 78 లక్షలు వెనక్కి ఇప్పించింది. ఆ కేసులో అసలు మాట తప్పింది కొన్న సంస్థ కాదని కూడా తేలిందట, అది వేరే సంగతి.

ఇది విన్నాక మాకు గొడవ పడే ఉత్సాహం సగం తగ్గింది, అదే ఈ కాల్ వల్ల పెద్ద లాభం. కట్టిన డబ్బుకి ఇంతకంటే విలువ ఇంకేం కావాలి.

అయితే ఆవిడ కొనేవాళ్ల వైపు మాట్లాడారని అనుకోకండి. లోన్ రాలేదు కాబట్టి మా తప్పు లేదు అని వాళ్లు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ చూపిస్తే, లోన్ రాకపోతే డీల్ రద్దు అని అగ్రిమెంట్‌లో షరతు ఉంటే తప్ప అది సాకు కాదు, డబ్బు సర్దుకోవడం కొనేవాళ్ల బాధ్యతే అన్నారు. ఇంకోటి కూడా చెప్పారు, నాకు అది కొత్త. అమ్మేవాళ్లు కూడా కోర్టుకి వెళ్లి "వీళ్లని కొనమని చెప్పండి, మిగతా డబ్బు ఇప్పించండి" అని అడగొచ్చంట, అగ్రిమెంట్ అమలు దావా ఎప్పుడూ కొనేవాళ్లే వేస్తారు అనుకునేవాణ్ణి. 2018 సవరణ తర్వాత స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద అలాంటి తీర్పు ఇవ్వడం ఇదివరకటిలా పూర్తిగా జడ్జి గారి ఇష్టం కాదు. కానీ దావా వేసినవాళ్లు తాము మొదటినుంచీ రెడీగా ఉన్నామని నిరూపించుకోవాలి, అది ఎవరు వేసినా అంతే. "మీరు రెడీగా ఉన్నట్టు మీ దగ్గర కాగితం ఏముందండీ?" అని అడిగితే మాకు గుర్తొచ్చింది, సొసైటీ నుంచి బకాయిల్లేవని తీసుకున్న లెటర్, ఒరిజినల్ డాక్యుమెంట్లు తెచ్చి ఉంచాం రండి అని పెట్టిన మెసేజులు. అవి దాచుకోండి అన్నారు. గడువు రాసుకుంటే ఆ తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి, తేదీ లేకపోతే అవతలి వాళ్లు కాదన్నారని తెలిసిన రోజు నుంచి మూడేళ్లు. సరే, డబ్బు లేనివాళ్ల మీద డబ్బు కట్టమని తీర్పు తెచ్చుకుని ఏం చేస్తాం, ఆ దారి మేం పక్కన పెట్టేశాం.

కొనేవాళ్లు చదువుతుంటే వాళ్లకి ఒక ముక్క. 2025లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి వచ్చింది, 55.5 లక్షల ఆస్తికి 20 లక్షలు కట్టి మిగతాది గడువులో కట్టలేకపోయిన ఆయన అగ్రిమెంట్ అమలు చేయించమని దావా వేశాడు, అది రాకపోతే కనీసం నా డబ్బు ఇప్పించండి అని మాత్రం దావాలో అడగలేదు, 20 లక్షలూ పోయాయి. ఆ అడగడం అనేది స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 22వ సెక్షన్‌లో ఉంది, దావా నడుస్తుండగా కూడా సవరించి కలుపుకోవచ్చు. ఆయన అగ్రిమెంట్‌లో జప్తు షరతు కూడా గట్టిగానే ఉంది లెండి. అదే తప్పు అమ్మేవాళ్లదైతే, అంటే టైటిల్ తేడా ఉండి కొనేవాళ్లు న్యాయంగా వెనక్కి తగ్గితే, కట్టిన డబ్బుకి, వడ్డీకి ఆ ఆస్తి మీదే హక్కు ఉంటుంది, ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అది.

ఇక నోటీసు సంగతి. సైట్ వాళ్ల ఆటోమేటిక్ డ్రాఫ్ట్ వచ్చింది చూడండి, పిడుగులు కురిపించారు, ఏడు రోజుల్లో మొత్తం కట్టాలి లేదా 12 లక్షలు జప్తు, క్రిమినల్ కేసు, ఇంకా ఏవేవో. క్రిమినల్ ఎక్కడి నుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి, డబ్బు సర్దలేకపోవడం చీటింగ్ ఎలా అవుతుంది. పైగా కింద ఎవరో ఇంకో క్లయింట్ ఊరు పేరు అలాగే మిగిలిపోయింది! చాట్‌లో చెప్తే "మీ ప్రశ్నకి ధన్యవాదాలు" అని అదే పీడీఎఫ్ మళ్లీ పంపారు. చివరికి మేడమ్‌కే కాల్ బుక్ చేస్తే ఆవిడ కూర్చుని మార్చి రాశారు. స్థిరాస్తి విషయంలో అగ్రిమెంట్‌లో గడువు ఉన్నా ఆ గడువే ప్రాణం అని కోర్టులు మామూలుగా అనుకోవు, 1992లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే ఆ మాట చెప్పింది, అందుకని అమ్మేవాళ్లు సరిపడా టైమ్ ఇచ్చి, ఈ తేదీ దాటితే ఒప్పందం రద్దు అని తేటగా రాసి, అందినట్టు రుజువు ఉండేలా పంపాలి. ఆవిడ ఏడు రోజుల్ని నెల చేశారు, క్రిమినల్ తీసేశారు, మేం రిజిస్ట్రేషన్‌కి రెడీ అని ఒక లైన్ పెట్టారు, జప్తు 3 లక్షలకే పరిమితం చేశారు. ఆ మూడు మార్కులూ ఆవిడవే, సైట్‌వి కాదు.

నోటీసు వెళ్లాక మేం కొత్త బేరం చూసుకోవచ్చా అంటే ఆగండి అన్నారు. మా అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించింది కాదు, అయినా అలాంటి కాగితం పట్టుకుని కూడా అమలు దావా వేయొచ్చు, దావా పడ్డాక మనం వేరేవాళ్లకి అమ్మినా ఆ కొత్తవాళ్లు దావా ఫలితానికి కట్టుబడాల్సిందే. ఈ సంగతి తెలిస్తే ఏ కొత్త పార్టీ వస్తుంది? అందుకే పాతవాళ్ల చేత రద్దు పత్రం రాయించుకుని ఒరిజినల్ అగ్రిమెంట్ వెనక్కి తీసుకోవడం మంచిది అన్నారు, రిజిస్టర్ అయిన అగ్రిమెంట్ అయితే ఇంకా అవసరం, ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్‌లో, కనిపిస్తూనే ఉంటుంది. కూర్చుని మాట్లాడుకున్నాం. వాళ్ల నాన్న గారు వచ్చారు, మా నాన్న, ఆయన ఇంచుమించు ఒకే వయసు వాళ్లు, కాఫీ దగ్గరే తేలిపోయింది. 3 లక్షలు మాకు, 9 లక్షలు మాకు కొత్త అడ్వాన్స్ రాగానే వాళ్లకి, ఇద్దరికీ ఇక ఏ క్లెయిమ్ లేదు అని సంతకాలు. కొత్తవాళ్లకి 63.5కి పోయింది, అంటే అసలు నష్టం లక్షన్నర, బ్రోకరేజీ, నెలల మెయింటెనెన్స్ కలిపితే 3కి దగ్గరే వచ్చింది.

ఎవరూ చెప్పని ట్యాక్స్ ముక్క ఒకటి, సైట్ ప్యాకేజీలో ఎక్కడా లేదు, మా ఆడిటర్ చెప్పారు. జప్తు చేసుకున్న బయానా ఇదివరకు ఆస్తి ఖరీదులోంచి తగ్గించేవారు, 2014 ఏప్రిల్ నుంచి అది ఆ ఏడాది ఇతర ఆదాయం కిందకి వస్తుంది, మీ స్లాబ్ ప్రకారం పన్ను కట్టాలి. 50 లక్షలు, ఆ పైన ఆస్తి కాబట్టి కొనేవాళ్లు ఇచ్చిన ప్రతి విడతలో 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టి కట్టి ఉంటారు, డీల్ రద్దయితే ఆ లెక్క ఎవరు ఎలా సర్దుకోవాలో రద్దు పత్రంలోనే ఒక లైన్ రాసుకోండి, లేకపోతే తర్వాత అదో తలనొప్పి.

సైట్ మీద నాకున్న ఇంకో కోపం, ఫారంలో "ఆస్తి రకం" అని డ్రాప్‌డౌన్ ఇచ్చి వ్యక్తి దగ్గర కొన్నా, బిల్డర్ దగ్గర బుక్ చేసినా, బ్యాంకు వేలంలో పాడినా ఒకటే డ్రాఫ్ట్, ఒకటే సలహా చూపిస్తుంది. ఈ మూడూ అసలు ఒకటి కాదు. బిల్డర్ అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 13వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 2025లో గోద్రెజ్ సంస్థ కేసులో అగ్రిమెంట్‌లో 20 శాతం జప్తు అని రాసున్నా అది ఏకపక్షం అని, 10 శాతమే కోసుకుని మిగతాది తిరిగి ఇవ్వమన్న వినియోగదారుల కమిషన్ మాటనే సుప్రీంకోర్టు నిలబెట్టింది, వడ్డీ మాత్రం తీసేసింది. బ్యాంకు వేలం దీనికి పూర్తిగా రివర్స్. పాట రోజో మర్నాడో 25 శాతం కట్టాలి, మామూలుగా 15 రోజుల్లో మిగతాది, రాతపూర్వకంగా పొడిగించుకున్నా మూడు నెలలు దాటదు, కట్టలేకపోతే ఆ 25 శాతం మొత్తం పోతుంది. బ్యాంకులు బకాయిల కోసం ఆస్తులు వేలం వేసే సర్ఫేసీ చట్టం రూల్స్‌లోనే అలా ఉంది కాబట్టి 73, 74 సెక్షన్లు ఇక్కడ అడ్డం రావు అని 2024లో సుప్రీంకోర్టు చెప్పేసింది. చవగ్గా వస్తోందని లోన్ ఖాయం కాకుండా వేలానికి వెళ్లేవాళ్లు ఈ ఒక్క విషయం తెలుసుకుని వెళ్లండి.

చెక్కు కూడా చెప్పాలి, మిగతా సొమ్ముకి రాబోయే తేదీ వేసిన చెక్కు తీసుకుని అది బౌన్స్ అయితే బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, వాళ్లకి 15 రోజులు టైమ్, ఆ తర్వాత నెలలోపు కేసు. మాకు ఆ అవసరం రాలేదు, సైట్ మాత్రం దీన్ని విడి ప్యాకేజీగా అమ్ముతోంది.

ఎవరికి పనికొస్తుంది అంటే, డ్రాఫ్ట్ ఒక్కటే కొనేవాళ్లు కొనకండి, అది స్టాంప్ పేపర్ షాపులో దొరికే దాని కంటే పెద్ద మెరుగు కాదు. కాల్ మాత్రం అగ్రిమెంట్ రాసుకునే ముందే తీసుకోండి, గొడవ వచ్చాక తీసుకుంటే సగం సలహాలు అప్పటికే పనికిరావు. కొత్తవాళ్లతో అగ్రిమెంట్ మేం సైట్ వదిలేసి మేడమ్ చేతే నేరుగా రాయించాం, బయానా ఎంత, ధరలో భాగం ఎంత విడిగా పెట్టారు, గడువు దాటితే నోటీసు ఎలా ఇవ్వాలో పెట్టారు, కొత్తవాళ్లు లోన్ రాకపోతే బయానాలో 50 వేలు పట్టుకుని మిగతాది ఇచ్చేయాలి అని ఒక షరతు అడిగితే మా నాన్న కాసేపు గొణిగి ఒప్పుకున్నారు. వాళ్ల లోన్ వచ్చింది, రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది.